మొదటి పేజీలో తప్పు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున నా భార్య పోయింది. మేడ్చల్‌లోని మా ఇంట్లోనే, తాగుతున్న టీ గ్లాసు పక్కన పెట్టి కుర్చీలో వెనక్కి వాలింది. గుండె బలహీనంగా ఉందని డాక్టర్లు రెండేళ్లుగా చెబుతూనే ఉన్నారు. ఆమె వింటూనే ఉంది. పని మాత్రం మానలేదు.

ఆ కబురు నేను ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. కండ్లకోయలో ఆమె పాఠాలు చెప్పిన ఇంజినీరింగ్ కాలేజీ బస్సు రోజూలాగే మా వీధి మలుపులో ఆగింది. డ్రైవరు దిగి వచ్చాడు. గేటు దగ్గర చెప్పులు విడిచాడు. చూశాడు. తిరిగి వెళ్ళి బస్సు ఎక్కాడు. మధ్యాహ్నానికి ఫోన్లు మొదలయ్యాయి. ముంబయి, పుణె, లండన్, ఇంకా నాకు పేరు పలకడం రాని ఊళ్ళు. చాలామంది "మేడం" అనేవరకు వచ్చి ఆగిపోయారు. నేను "అవును" అన్నాను.

పేపరుకు ఇచ్చిన ప్రకటనలో 'గణిత అధ్యాపకురాలు' అని వేయించాను. అది నిజమే. కానీ ఆ రెండు మాటల్లో పట్టనిది కొంత ఉంది. ఆమె శిష్యులు "మీరే రాయాలి సార్" అన్నారు. నాకు రాయడం అలవాటు లేదు. విద్యుత్ శాఖలో చేరి, సబ్‌స్టేషన్లలో ఉద్యోగం చేసి రిటైరైన వాణ్ణి. చదివింది బీఎస్సీ. చూసింది చూసినట్టు రాయగలను, అంతే.

ఆమె చెప్పిన పాఠం ప్రాబబిలిటీ. ఏది జరుగుతుందో తెలియనప్పుడు, ఎంతవరకు తెలియదో లెక్క కట్టే విద్య. కాలేజీలో అది ఒక సబ్జెక్టు మాత్రమే. పిల్లలు పాసై మరిచిపోతారు. కొద్దిమంది మరిచిపోరు. అలాంటివాళ్ళు కొన్నేళ్లుగా క్వాంటిటేటివ్ ఫైనాన్స్ అనే పై చదువుకు వెళ్ళడం మొదలుపెట్టారు. షేర్ల ధరలు, వడ్డీలు, బీమా, వీటిలోని ఒడిదుడుకులను లెక్కలతోనూ కంప్యూటర్ ప్రోగ్రాములతోనూ పట్టుకునే చదువు అది. సీట్లు తక్కువ. అడిగేవాళ్ళు ఎక్కువ. మార్కులు, పరీక్షలు, చేసిన ప్రాజెక్టు, ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం, అధ్యాపకుల సిఫారసు లేఖలు, ఆపైన ఇంటర్వ్యూ. ఇన్ని దాటాలి.

ఆ సిఫారసు లేఖ దగ్గర మా వైపు కాలేజీల్లో ఒక ఆనవాయితీ ఉంది. లేఖ విద్యార్థే రాసుకొస్తాడు. లెక్చరరు చదివీ చదవకుండా సంతకం పెడతాడు. ఇందులో ఎవరికీ తప్పు కనిపించదు. మొదట ఆమె దగ్గరికి అట్లా ఒక కుర్రాడు లేఖ తెచ్చాడు. మా వరండాలోనే. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది.

"నువ్వు తెలివిగలోనివి. కష్టపడెటోనివి. నలుగుర్ల ముందుండెటోనివి. అంతేనా?"

"అవును మేడం."

"నాకన్న నీకే నువ్వు మంచిగ ఎరుకున్నవు. ఇగ సంతకం గూడ నువ్వే పెట్టుకో."

వాడు తల దించుకుని నిలబడ్డాడు. ఆమె కాగితం తిరిగి ఇచ్చేసింది. "ఆదివారం పొద్దుగాల రా. నువ్వు చేసిన పని ఏందో మా సార్‌కు చెప్పు. ఆయనకు సమజైతే రాస్త."

మా సార్ అంటే నేను. నన్ను అడగలేదు. ఆ ఆదివారం నుంచి నేను ఒక పరీక్షనయ్యాను.

వరండాలో నల్లబల్ల బిగించాం. పిల్లలు దాని ముందు నిలబడి చెప్పేవాళ్ళు. నేను కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఆమె పక్కన ముక్కాలిపీట మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చునేది. బల్ల వైపు చూసేది కాదు. నా ముఖం వైపు చూసేది. ఒకసారి ఒక పిల్ల చెమటలు పట్టి తడబడుతుంటే జాలేసి తల ఊపాను. చిక్కుడుకాయ చేతిలోనే ఆగింది.

"సమజైందా? అయితే ఇప్పుడు మీరు చెప్పుండ్రి."

నేను లేచి బల్ల దగ్గరికి వెళ్ళి సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. ఒక గీత గీశాను. అక్కడితో ఆగిపోయాను. పిల్లలందరూ నవ్వారు, ఆ పిల్లతో సహా. తరువాత ఆ పిల్ల బాగా చెప్పింది. నేను మళ్ళీ ఎప్పుడూ ఊరికే తల ఊపలేదు.

ఆమె దగ్గర అష్టాచెమ్మా గవ్వలు ఒక డబ్బాలో ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్ళ చేతిలో ఒక గవ్వ పెట్టి అడిగేది. "ఇది నోరు మీదికి ఎల్లెలకల పడే అవకాశమెంత?" ఇంజినీరింగ్ పిల్లలు కదా, ఠక్కున చెప్పేవాళ్ళు. సగం, మేడం.

"గవ్వనడిగినవా?"

అప్పుడు కింద కూర్చోబెట్టి వేయించేది. వేస్తూ గీతలు పెట్టుకుంటూ పోతే తెలిసేది, గవ్వ రూపాయి బిళ్ళ కాదు, దాని వంపు దానిది, సగానికి సగం పడదు. ఆ మాట వాళ్ళలో వాళ్ళకు వాడుక అయిపోయింది. ఎవరైనా తేలిగ్గా ఏదైనా అనేస్తే చాలు, పక్కవాళ్ళు "గవ్వనడిగినవా?" అనేవాళ్ళు. ముంబయిలో ఒక బ్యాంకులో పని చేసే అమ్మాయి, మీటింగుల్లో ఇప్పటికీ ఆ మాట నోటిదాకా వస్తుందని మొన్న ఫోనులో చెప్పింది.

వ్యాసాల దగ్గర ఆమె పెన్ను కరుకు. 'చిన్నప్పటి నుంచి నాకు లెక్కలంటే ప్రాణం' అనే వాక్యం ప్రతివాళ్ళూ రాసుకొచ్చేవాళ్ళు. "చిన్నప్పటి ముచ్చట మీ అమ్మ చెప్తది తియ్. పోయినేడు నువ్వేం జేసినవ్?" అని కొట్టేసేది. ఒకే వ్యాసాన్ని పది కాలేజీలకు పంపబోయిన వాడితో "అందరికి ఒక్కటే పంచనీకి ఇది లగ్గం పత్రికా బిడ్డా?" అంది. ఏ కాలేజీలో ఏ పాఠం ఎందుకు కావాలో, ఆ పాఠాల పట్టిక చదివి రాయమనేది. నాలుగు కాలేజీలు చాలు, నాలుగింటినీ తెలుసుకుని రాయి అనేది.

మాకు పిల్లలు లేరు. ఎవరైనా ఆ మాట జాలిగా ఎత్తితే ఆమె "ఆదివారం రాండ్రి" అనేది.

ఇప్పుడు నస్రీన్ సంగతి రాయాలి. నా భార్యకు చివరి శిష్యురాలు.

నస్రీన్‌ది శామీర్‌పేట. తండ్రికి రోడ్డు మీద దాణా దుకాణం ఉంది. కోళ్ళకు, పశువులకు, మేకలకు. కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతూ, కండ్లకోయ ఐటీ పార్కులో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తామన్న పిల్ల. అది వదిలి సింగపూర్‌లో ఈ చదువు చదవాలని ఆమెకు పట్టుదల. తండ్రి ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. ఈ ఒక్కసారే. సీటు రాకపోతే ఉద్యోగంలో చేరాలి. మళ్ళీ ఆ ఊసు ఎత్తకూడదు.

ఒక ఆదివారం తండ్రే బండి మీద మా ఇంటికి తీసుకొచ్చి, తానూ కూర్చున్నాడు. నస్రీన్ తన ప్రాజెక్టు చెప్పింది. షేర్ల పాత ధరలు చూసి, ఇకముందు ధర పెరుగుతుందో తగ్గుతుందో చెప్పే ప్రోగ్రాము. నూటికి తొంభైసార్లకు పైగా సరిగ్గా చెబుతుంది. కాలేజీ పోటీల్లో మొదటి బహుమతి వచ్చింది. ఆమె దరఖాస్తు మొదటి పేజీలో మొదటి వాక్యం ఆ బహుమతే.

చాలా చక్కగా చెప్పింది. నాకు మొత్తం అర్థమైంది. తండ్రి నా వైపు తిరిగి నవ్వాడు.

"మాషాల్లా. సార్‌కు సమజైంది, నాకు గూడ సమజైంది. మేడం, ఇగ మీదే ఆలస్యం."

నా భార్య చిక్కుడుకాయలు పక్కన పెట్టింది.

"బిడ్డా, నేర్పనీకి కొన్ని దినాలు, పరీక్ష పెట్టనీకి కొన్ని దినాలు తీస్కున్నవు గద. ఎట్ల తీసినవ్?"

"అన్ని కలిపేసి తీసిన మేడం. ర్యాండమ్‌గ. మా సీనియర్ల ఫైలుల గట్లనే ఉన్నది. మా బ్యాచంత గట్లనే జేసినం."

"అంటే బుధవారం ధర చెప్పుమని అడిగినప్పుడు, దానికి గురువారం ధర ఎరుకనే ఉన్నది."

నస్రీన్ తిరిగి నల్లబల్ల వైపు చూసింది. ముందు ఆమె చెవులు ఎర్రబడ్డాయి, తరువాత ముఖం.

నాకు కొంచెం సేపు పట్టింది. పాత ధరలన్నిటినీ పేకముక్కల్లా కలిపేసి, కొన్నిటితో నేర్పి, మిగిలినవాటితో పరీక్ష పెట్టింది. కలిపేయడంతో ముందు వెనుకలు పోయాయి. ఇటు మంగళవారం, అటు గురువారం చూసినవాడు నడుమ బుధవారం సంగతి చెప్పడానికి తెలివి అక్కర్లేదు. నిజంగా జోస్యం చెప్పాల్సిన రోజున గురువారం ఎవరి చేతిలోనూ ఉండదు.

"వారం దినాలల్ల పంపాలె," అంది నస్రీన్. "సరిజేసి నడిపితే ఎంతొస్తదో నాకెరుకే. సగం. బొమ్మా బొరుసా అంతే. ఇగ నా దగ్గర ఏమున్నది మేడం?"

"తప్పున్నది. మంచి తప్పు. దాన్నే మొదటి పేజీల పెట్టు."

తండ్రి కుర్చీ ముందుకు జరిపాడు. "అట్లెట్ల మేడం? ప్రైజిచ్చిండ్రు గదా. ఇచ్చినోళ్ళకు లేని పరేషాన్ మనకెందుకు? సింగపూరోళ్ళకేం ఎరుకైతది?"

"వాళ్ళు చేసే పనే ఇది అన్నా. ఒక్క చూపుల పట్టేస్తరు. పట్టకున్నా, నాకెరుకైంది గద. నేనెట్ల రాయాలె?"

"అయితే మీరు రాయరు."

"ఆ ప్రైజు మీదైతే రాయ."

నస్రీన్ పుస్తకాలు తీసుకుని లేచింది. వెళ్ళొస్తానని చెప్పలేదు. బండి చప్పుడు మలుపు తిరిగాక నేను నా భార్యతో అన్నాను, గడువు ముందు పెట్టుకుని ఇంత గట్టిగా అనాల్సిందా అని. ఆమె చిక్కుడుకాయలు మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంటర్వ్యూల ఎవరో నవ్వుకుంట అడుగుతరు. అప్పుడు ఆ పిల్ల ఒక్కతే ఉంటది. ఈడ మనం ముగ్గురం ఉన్నం. ఈడ ఏడ్వనియ్యండ్రి."

నాలుగైదు రోజులు ఫోను లేదు. గేటు చప్పుడైతే నా భార్య తల ఎత్తేది. ఆ వారమే ఆమెకు ఆయాసం పెరిగింది. మందు మార్చారు.

గడువుకు ముందు రోజు మధ్యాహ్నం నస్రీన్ ఒక్కతే బస్సులో వచ్చింది. కూర్చోలేదు. నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళింది.

"సార్, మీరు కుర్చీల కూసోండ్రి. మేడం, మీరు సార్ దిక్కు చూడుండ్రి."

నస్రీన్ తప్పును దిద్ది ఊరుకోలేదు. కావాలనే తిరిగి చేసింది. రేపటి సమాచారాన్ని కొంచెం కొంచెంగా లోపలికి వదులుతూ, ఎంత వదిలితే ప్రోగ్రాము ఎంత తెలివైనదిగా కనబడుతుందో కొలిచింది. సున్నా దగ్గర అది గుడ్డిది. అక్కడి నుంచి గీత పైకి లేస్తూ పోయింది. తొంభై దాటిన చోట సుద్దతో గుండ్రంగా చుట్టి, "ఇగో, నా ప్రైజు ఈడున్నది సార్," అంది.

"మా అబ్బా దుకాణంల మక్కల దాణా ఉంటది. వచ్చే వారం రేటు ముందుగాల ఎరుకైతే మా అబ్బా అంత షానా, తెలివిగల యాపారి శామీర్‌పేటలనే ఉండడు. ఎరుక కాదు గాబట్టే దినాం పొద్దుగాల గల్లా ముందు దువా చేస్తడు. నా ప్రోగ్రాము గూడ అంతే. దానికి వచ్చే వారం నేనే చెప్పిన, చెప్పి, షానా అనుకున్న."

నాకు అర్థమైంది. నా ముఖం చూసి నా భార్య లేచింది. ఆ పిల్ల తల మీద చేయి పెట్టి లోపలికి వెళ్ళి, కంప్యూటర్ ముందు కూర్చుంది. సాయంత్రం వరకు రాసింది. ఏం రాసిందని అడిగాను. "మీరు చూసిందే," అంది. ఆ లేఖలు ఎవరికీ చూపకూడదని నియమం. నాకూ చూపలేదు.

ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. శామీర్‌పేటలో వాళ్ళ గల్లీలో ఆ రోజు పెళ్ళి, మైకులు. అందుకని మా ఇంట్లోనే పెట్టుకుంది. ముందు గదిలో నస్రీన్ కంప్యూటర్ ముందు. తలుపు ఇవతల నా భార్య, గోడకు ఆనుకుని నేల మీద. కుక్కరు మంట ఆర్పేసింది. మొదలై కొద్దిసేపైందో లేదో వీధి చివర ఉల్లిగడ్డల ఆటో వినబడింది, రికార్డు చేసిన అరుపుతో. నా భార్య నా వైపు చూసింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

"మైకు బందు చెయ్యి తమ్మీ. లోపల పరీక్ష నడుస్తున్నది."

"ఇంట్ల ఏం పరీక్ష సార్?"

"సింగపూర్ పరీక్ష."

అతను మైకు ఆపాడు. "అయితే గీ గల్లీల నా గిరాకంత మీరే," అని తక్కెడ తీశాడు. రెండు చేతుల నిండా ఉల్లిగడ్డలతో తిరిగి వచ్చాను. అతను మలుపు దాటేదాకా మైకు పెట్టలేదు. ఏ తల్లి కన్న బిడ్డో.

లోపల ఇంగ్లిషులో ఒకాయన అడుగుతున్నాడు. నాకు ముక్కలు ముక్కలుగా వినబడింది. నస్రీన్ గొంతు మొదట సన్నగా ఉంది. తరువాత సర్దుకుంది. ఒకచోట ఆయన నవ్వాడు. నా భార్య కళ్ళు మూసుకుంది. నస్రీన్ ఆగలేదు. చెప్పుకుంటూ పోయింది. నా భార్య కళ్ళు తెరవకుండానే తల ఊపడం మొదలుపెట్టింది, నెమ్మదిగా, ప్రతి మాటకూ.

తలుపు తెరుచుకుంది.

"మొత్తం తప్పు గురించే అడిగిండ్రు మేడం. నవ్విండు చూడుండ్రి, ఆయన గూడ కొల్వుల చేరిన కొత్తల గిదే జేసిండంట."

"నేను చెప్పలే?"

"మీరు చెప్పలే మేడం. మీరు తిట్టిండ్రు."

ఆ రోజు నా భార్య నవ్వినంత గట్టిగా, ఆయాసం వచ్చేంతగా, ఆ రెండేళ్లలో నవ్వలేదు. వారం రోజులు మా ఇంట్లో ఉల్లిగడ్డ పులుసే.

ఆమె పోవడానికి ముందు రోజు సాయంత్రం నాతో అన్న మాటల్లో ఒకటి ఇది. "నస్రీన్‌ది ఈ వారంల రావాలె."

అంత్యక్రియలకు నస్రీన్ తండ్రితో వచ్చింది. అందరి వెనుక నిలబడింది. తరువాత రాలేదు, ఫోనూ చెయ్యలేదు. పదకొండో రోజు అయిపోయింది. బంధువులు వెళ్ళిపోయారు. ఫలితం రావలసిన వారం ఎప్పుడో దాటింది. సీటు రాలేదనుకున్నాను. రాకపోతే ఆ పిల్లకు మళ్ళీ అవకాశం లేదు. ఆ ప్రైజు ఉంచి ఉంటే వచ్చేదేమోనని ఆ ఇంట్లో ఎవరైనా అనుకుంటున్నారేమో. నా భార్య ఉంటే తానే వెళ్ళి వాళ్ళ ముందు కూర్చునేది. తప్పించుకునే మనిషి కాదు. నేను బస్సు ఎక్కాను.

శామీర్‌పేటలో దిగేసరికి ఎండ బాగా ఎక్కింది. దుకాణంలో తండ్రి దాణా బస్తా కుడుతున్నాడు. నన్ను చూసి దబ్బనం పక్కన పెట్టి లేచాడు. స్టూలు తుడిచి వేశాడు. లోపల బస్తాల మీద నస్రీన్ కూర్చుని ఉంది. నన్ను చూడగానే నిలబడింది.

"ఏమైంది బిడ్డా?" అన్నాను.

ఆమె తండ్రి వైపు చూసింది. తండ్రి నేల వైపు చూశాడు.

"వచ్చింది సార్," అంది. "సీటొచ్చింది. మేడంను తీస్కపోయిన దినమే, పొద్దు మునిగినంక వచ్చింది మెయిలు."

"మరి చెప్పలేదేం?"

"ఎట్ల చెప్పాలె సార్? మీ ఇంట్ల గట్లుండంగ."

తండ్రి అప్పుడు మాట్లాడాడు. "ఎవ్వరికి చెప్పలే సార్. మా అన్నదమ్ములకు గూడ చెప్పలే. బేటీ వద్దన్నది. మేడం ఇంట్ల దుఃఖముండంగ మన ఇంట్ల మిఠాయి ఎట్ల పంచుతం అన్నది. ఇన్ని దినాలు నోరు కట్టేస్కున్న." ఆయన టోపీ సర్దుకున్నాడు. "ఇప్పుడు చెప్పొచ్చా సార్? మీరంటేనే చెప్త."

"చెప్పన్నా," అన్నాను. "గట్టిగా చెప్పు."

ఆయన దుకాణం దిగాడు. మొదట పక్కనున్న పంక్చరు షాపుకు వెళ్ళాడు. ఆ తరువాత టీ కొట్టు. తరువాత మటన్ దుకాణం, బార్బరు షాపు, విత్తనాల కొట్టు. ప్రతిచోటా ఆగాడు. ఎండలో ఆయన తెల్లటోపీ ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి సాగిపోతోంది. ఏమంటున్నాడో దూరానికి వినబడలేదు. ప్రతిచోటా చివరకు చేయి ఎత్తి మా వైపు చూపించాడు. చూపించింది కూతుర్ని కాదు, నన్ను. పంక్చరు షాపతను చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి నా వైపు చూసి తల వంచాడు. టీ కొట్టు దగ్గర కూర్చున్న ముగ్గురూ లేచారు. బార్బరు కత్తెర పట్టుకునే గుమ్మంలోకి వచ్చాడు. తెల్లగుడ్డ మెడకు కట్టుకున్న మనిషి ఆయన వెనుక నిలబడ్డాడు.

నా భార్య కోసం లేచారు వాళ్ళు. నేనూ స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాను.